తీసేసిన మోకాలి ఇంప్లాంట్‌లో బాక్టీరియా ఉన్నట్టా, లేనట్టా?

పేరు ప్రచురించవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం సారాంశం ఇది. ఆమె తండ్రికి 68 ఏళ్లు. మూడేళ్ల క్రితం కుడి మోకాలికి కీలుమార్పిడి చేయించుకున్నారు. ఏడాది తర్వాత మొదలైన నొప్పి నెమ్మదిగా పెరుగుతూ వచ్చింది. జ్వరం లేదు, కుట్ల దగ్గర చీము లేదు, రక్తపరీక్షలో సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే పెరిగే ప్రొటీన్) మాత్రం కాస్త ఎక్కువగా ఉంది. ఇంప్లాంట్ వదులైందని తేల్చిన మరో సర్జన్ దాన్ని తీసి, అదే ఆపరేషన్‌లో కొత్తది అమర్చారు. తీసిన ఇంప్లాంట్‌నూ, కీలు చుట్టూ ఐదు చోట్ల నుంచి కోసిన కండ ముక్కలనూ ల్యాబ్‌కు పంపారు. నాలుగో రోజు వచ్చిన రిపోర్టులో ‘గ్రోత్ లేదు’ అని ఉండడంతో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పన్నెండో రోజు వచ్చిన తుది రిపోర్టులో మాత్రం ఐదు ముక్కల్లో ఒకదానిలోనూ, ఇంప్లాంట్‌ను సోనికేషన్ (ధ్వని తరంగాలతో కుదపడం) చేసిన ద్రవంలోనూ స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ పెరిగిందని రాశారు. ఇది చర్మం మీద ఉండే బాక్టీరియా, పరీక్షలో ఎక్కడో అంటుకుని ఉంటుంది, పట్టించుకోనక్కర్లేదని సర్జన్ అంటున్నారు. ఇన్ఫెక్షన్ వ్యాధుల నిపుణురాలు మాత్రం ఇది ఇన్ఫెక్షనేననీ, ఆరు వారాలు సూదిమందు, ఆపై మరో ఆరు వారాలు మాత్రలు వాడాలనీ అంటున్నారు. మొదటి ఆపరేషన్ చేసినవారి నిర్లక్ష్యమే దీనికి కారణమని అన్నగారి నమ్మకం. ఆస్పత్రి నుంచి అడిగి తెచ్చి ఇంట్లో దాచిన పాత ఇంప్లాంట్‌ను ఇంకో ల్యాబ్‌కు పంపి రుజువు చేయిస్తానని ఆయన పట్టుబడుతున్నారు. తండ్రి ఇక ఏ మందూ వద్దంటున్నారు. ఆపరేషన్‌కు ముందు తండ్రి నొప్పి చూడలేక, తెలిసిన డాక్టరు రాసిన యాంటీబయాటిక్ మాత్రలు పది రోజులపాటు తానే వేయించాననీ, ఆపరేషన్‌కు నాలుగు రోజుల ముందు ఆపాననీ, ఆ సంగతి సర్జన్‌కు చెప్పలేదనీ ఈమె రాశారు. “రిపోర్టు ఇలా రావడానికి నేనే కారణమా? ఎవరి మాట నమ్మాలి?” అని అడిగారు. రిపోర్టు నకలును కూడా జతచేశారు.

మీ ఇంట్లో ఇప్పుడు నలుగురు నాలుగు రకాలుగా చదువుతున్నది ఒకే కాగితాన్ని. అది అవునో కాదో చెప్పే కాగితమని అందరూ అనుకోవడం వల్లే ఇంత గందరగోళం వచ్చిందని నాకు అనిపిస్తోంది. ఇంప్లాంట్ కల్చర్ (నమూనాలోని బాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూడడం) రిపోర్టు తీర్పు కాదు, సాక్ష్యం. ఆ సాక్ష్యానికి ఎంత బలం ఉందో తెలియాలంటే బాక్టీరియా ఏది, ఎన్ని నమూనాల్లో పెరిగింది, ఎంత సంఖ్యలో పెరిగింది, ఎన్నో రోజున కనిపించింది, అప్పటికి రోగి ఒంట్లో ఏ మందు ఉంది అన్నవన్నీ కలిపి చూడాలి. ఉత్తరం చదివి మీ నాన్నగారికి ఇన్ఫెక్షన్ ఉందనో లేదనో చెప్పే అధికారం నాకు లేదు. అయితే ఆ కాగితంలో ఏముందో, ఏం లేదో విడమరచి చెప్పగలను.

సర్జన్ మాటలో నిజం ఉంది. స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ మనందరి చర్మం మీదా ఉంటుంది. ముక్క కోసేటప్పుడో, సీసాలో వేసేటప్పుడో, ల్యాబ్‌లో ప్లేటు మూత తెరిచినప్పుడో అది నమూనాలోకి చేరవచ్చు. ఒక్క ముక్క మాత్రమే పంపితే వచ్చిన ఫలితాన్ని నమ్మలేము కనుకనే ఐదారు ముక్కలను వేర్వేరు చోట్ల నుంచి, ప్రతిదానికీ వేరే పరికరం వాడుతూ, వేర్వేరు సీసాల్లో పంపుతారు. వేర్వేరుగా తీసిన రెండు నమూనాల్లో ఒకే బాక్టీరియా పెరిగితే అది యాదృచ్ఛికమయ్యే అవకాశం బాగా తగ్గుతుంది. అంతర్జాతీయ ప్రమాణాల్లో ‘కనీసం రెండు’ అన్న షరతు ఉన్నది ఇందుకే. ఐదింటిలో ఒక్కటే అయి ఉంటే సర్జన్ వైపు మొగ్గడానికి నాకూ పెద్ద అభ్యంతరం ఉండేది కాదు.

కానీ మీకు వచ్చింది ఐదింటిలో ఒకటి కాదు, ఆరింటిలో రెండు. ఇంప్లాంట్‌ను సోనికేషన్ చేసిన ద్రవం కూడా ఒక నమూనాయే, అదీ అన్నింటికంటే ముఖ్యమైన నమూనా. లోహం మీద చేరిన బాక్టీరియా విడివిడిగా తిరగదు. రాతికి పాచి పట్టినట్టు, తానే స్రవించిన జిగట పొరలో గుంపుగా అంటుకుని ఉంటుంది. దాన్నే బయోఫిల్మ్ అంటారు. ఆ పొరలో ఉన్నవి నెమ్మదిగా పెరుగుతాయి, మందులకు సులభంగా లొంగవు, పక్కనున్న కండలో కొద్దిగానే కనిపిస్తాయి. అందుకే పక్కనున్న కండను మాత్రమే పరీక్షిస్తే చాలాసార్లు దొరకవు. తీసిన ఇంప్లాంట్‌ను శుభ్రమైన గట్టి డబ్బాలో, ద్రవంలో ముంచి, బలంగా కుదిపి, వినికిడికి అందని ధ్వని తరంగాలను కొద్ది నిమిషాల పాటు పంపితే ఆ పొర ఊడి ద్రవంలోకి వస్తుంది. ఆ ద్రవాన్ని కల్చర్ చేస్తారు. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 331 మంది తుంటి, మోకాలి ఇంప్లాంట్‌లను ఇలా పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. కండ ముక్కల కల్చర్ 60.8 శాతం ఇన్ఫెక్షన్లను పట్టుకోగా, సోనికేషన్ ద్రవం 78.5 శాతాన్ని పట్టుకుంది. ఇన్ఫెక్షన్ లేనివారికి లేదని సరిగ్గా చెప్పడంలో రెండూ దాదాపు సమానంగా నిలిచాయి.

మీరు పంపిన నకలు రెండో పేజీలో ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది, దాని గురించి ఎవరూ మీతో మాట్లాడినట్టు లేదు. ముక్కలో పెరిగిన బాక్టీరియాకూ, సోనికేషన్ ద్రవంలో పెరిగినదానికీ ఇచ్చిన సెన్సిటివిటీ పట్టికలు ఒకేలా ఉన్నాయి. రెండూ అవే మందులకు లొంగుతున్నాయి, అవే మందులకు లొంగడం లేదు. చర్మం మీది ఎపిడెర్మిడిస్‌లో ఎన్నో రకాలుంటాయి. రెండు నమూనాలకూ రెండు వేర్వేరు సందర్భాల్లో మురికి అంటి ఉంటే పట్టికలు తరచుగా వేర్వేరుగా ఉంటాయి. పట్టికలు కలిసినంత మాత్రాన రెండూ ఒకే బాక్టీరియా అని రుజువు కాదు గానీ, తూకంలో దీనికి బరువుంది.

ఎదుటి పక్షాన్నీ చెప్పాలి. ముక్కలో పెరిగింది ప్లేటు మీద కాదు, కొద్దిపాటి బాక్టీరియాను కూడా పెంచగల పోషక ద్రవంలో మాత్రమేనని రిపోర్టులో ఉంది. అంటే అసలు నమూనాలో బాక్టీరియా చాలా కొద్దిగా ఉందన్నమాట. కలుషితమైన నమూనాలోనూ ఇలాగే ఉంటుంది, మందు ప్రభావంతో సగం అణగారిన ఇన్ఫెక్షన్‌లోనూ ఇలాగే ఉంటుంది. ఇక సోనికేషన్ ద్రవంలో ఎన్ని పెరిగాయో రిపోర్టులో అంకె లేదు. ఈ లోపం చిన్నది కాదు. ఈ పరీక్ష తొలిరోజుల్లో ప్లాస్టిక్ సంచులు వాడినప్పుడు అవి కారి, బయటి నీళ్లలోని బాక్టీరియా లోపలికి చేరిన అనుభవం ఉంది. అందుకే గట్టి డబ్బాలు వచ్చాయి, అందుకే అంకెకు అంత ప్రాముఖ్యం వచ్చింది. యూరోపియన్ బోన్ అండ్ జాయింట్ ఇన్ఫెక్షన్ సొసైటీ 2021లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం మిల్లీలీటరుకు 50కి మించి కాలనీలు (ప్లేటు మీద కంటికి కనిపించే బాక్టీరియా గుంపులు) పెరిగితే ఇన్ఫెక్షన్ నిర్ధారణ అయినట్టే. అంతకు తక్కువైతే ‘ఉండే అవకాశం ఉంది’ అన్న మధ్య వర్గంలోకి వస్తుంది. ఆ నిర్వచనం ఉందీ లేదూ అనే రెండు గదులకు బదులు ‘ఉండకపోవచ్చు, ఉండవచ్చు, ఖాయం’ అని మూడు గదులు పెట్టింది. వైద్యులు రోజూ ఎదుర్కొనే అనుమానానికి ఒక చోటు ఇచ్చింది కనుక అది నిజాయతీ గల పద్ధతి అని నా అభిప్రాయం.

నాలుగో రోజు లేనిది పన్నెండో రోజు ఎలా వచ్చిందన్న అనుమానం సహజం, దానికి జవాబు తేలికే. ఇంప్లాంట్ల మీద పెరిగే కొన్ని బాక్టీరియా చాలా నిదానంగా బయటపడతాయి. క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ వంటివాటి కోసం గాలి తగలని వాతావరణంలో 10 నుంచి 14 రోజులు వేచి చూడాలి. ఎపిడెర్మిడిస్ మామూలుగా త్వరగానే పెరుగుతుంది గానీ, కొద్దిగా ఉన్నప్పుడో, మందుతో అణగినప్పుడో ఆలస్యంగా కనిపించవచ్చు. కాబట్టి రిపోర్టు మారడం తప్పు కాదు, ల్యాబ్ ఓపికగా పనిచేసిందనడానికి గుర్తు. నాలుగో రోజు కాగితం మీద ‘ప్రాథమిక రిపోర్టు, మరికొన్ని రోజులు చూస్తున్నాం’ అన్న మాట స్పష్టంగా ఉండాల్సింది. అది లేకపోవడమే మీకు లేనిపోని ఊరటను, ఆ వెనకే అపనమ్మకాన్ని తెచ్చిపెట్టింది.

ఇప్పుడు మీ మనసును తొలిచేస్తున్న మాత్రల సంగతి. మీరు వేయించిన మాత్రలు ఇన్ఫెక్షన్‌ను తెచ్చిపెట్టవు, తెచ్చిపెట్టలేవు. అవి చేయగలిగింది ఒక్కటే, ల్యాబ్‌లో బాక్టీరియా పెరగకుండా కొంత అణచడం. ఇందాక చెప్పిన 2007 అధ్యయనంలోనే, ఆపరేషన్‌కు ముందు 14 రోజుల లోపు యాంటీబయాటిక్ తీసుకున్నవారిని విడిగా లెక్కిస్తే, కండ ముక్కల కల్చర్ 45 శాతం ఇన్ఫెక్షన్లనే పట్టుకుంది. సోనికేషన్ ద్రవం మాత్రం 75 శాతాన్ని పట్టుకుంది. బయోఫిల్మ్‌లో దాగిన బాక్టీరియాను మాత్రలు పూర్తిగా తాకలేవు కాబట్టి ఈ తేడా వచ్చింది. మీ రిపోర్టును ఈ వెలుగులో మళ్లీ చూడండి: నాలుగు ముక్కలు ఖాళీ, ఒకదానిలో అతి కొద్దిగా, ఇంప్లాంట్ ద్రవంలో మాత్రం గ్రోత్. మాత్రలు వేసుకున్న మనిషిలో నిజమైన ఇన్ఫెక్షన్ ఉంటే రిపోర్టు ఇలాగే రావడానికి ఎంతో అవకాశం ఉంది. ‘ఐదింటిలో నాలుగు ఖాళీ’ అన్న వాదనకు సర్జన్ ఇస్తున్న బరువు ఈ మాత్రల సంగతి తెలియకపోవడం వల్ల కావచ్చు. అందుకే ఆ విషయం ఆయనకూ, నిపుణురాలికీ, ల్యాబ్‌కూ వెంటనే చెప్పండి. మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ రాసి ఇవ్వండి. ఇది నేరం ఒప్పుకోవడం కాదు, రిపోర్టు చదవడానికి కావలసిన వివరం ఇవ్వడం. నిజానికి ఈ ప్రశ్న ఆపరేషన్‌కు ముందే మిమ్మల్ని ఎవరో ఒకరు అడగవలసింది.

మీ అన్నగారు దాచిన ఇంప్లాంట్ గురించి ఖచ్చితంగా చెప్పగలను: దాన్ని ఏ ల్యాబ్‌కు పంపినా ఉపయోగం లేదు. సోనికేషన్‌లో దాని మీది పొర చాలావరకు ఊడిపోయింది. ఇంటికి ఇచ్చే ముందు ఆస్పత్రివారు సాధారణంగా దాన్ని కడిగి క్రిమిరహితం చేస్తారు. ఫార్మలిన్‌లో (కణజాలాన్ని పాడవకుండా ఉంచే, క్రిములను చంపే ద్రవం) ముంచి ఉంటే ఇక బతికిన జీవి అంటూ ఉండదు. ఆపైన ఎన్నో చేతులు దాన్ని తాకాయి. ఇప్పుడు కల్చర్ చేస్తే ఏమీ రాకపోవచ్చు, లేదా సంచి తెరిచిన చేతి మీది బాక్టీరియా రావచ్చు. మొదటిది మీకు అబద్ధపు ధైర్యాన్ని ఇస్తుంది, రెండోది అబద్ధపు రుజువును ఇస్తుంది. ఒక మాట ఆయనకు నెమ్మదిగా చెప్పండి: కల్చర్ ఏ బాక్టీరియా ఉందో చెబుతుందే తప్ప, అది ఎవరి వల్ల, ఎప్పుడు వచ్చిందో చెప్పదు. అన్ని జాగ్రత్తలూ తీసుకున్న ఆపరేషన్లలో కూడా కొద్దిమందిలో చర్మపు బాక్టీరియా లోపలికి చేరి, నెలల తరబడి నిశ్శబ్దంగా ఉండి, ఇలా నొప్పిగా బయటపడుతుంది. మొదటి ఆపరేషన్ గురించి ఆయనకు ప్రశ్నలుంటే వాటిని అడిగే హక్కు ఆయనకు ఉంది. కానీ వాటిని మీ నాన్నగారి వైద్యం నుంచి వేరుచేసి, తర్వాతి పనిగా పెట్టుకోవడం మంచిది.

మళ్లీ పరీక్ష చేయించాలన్న ఆయన కోరికను నెరవేర్చగల వస్తువులు ఇంట్లో లేవు, ల్యాబ్‌లో ఉండవచ్చు. పెరిగిన బాక్టీరియాను చాలా ల్యాబ్‌లు కొంతకాలం శీతలీకరించి భద్రపరుస్తాయి. మిగిలిన సోనికేషన్ ద్రవం కూడా ఉండవచ్చు. అవి ఎల్లకాలం ఉండవు కనుక రేపే ఫోన్ చేసి పారేయవద్దని కోరండి, ఆ కోరికను సర్జన్ ద్వారా రాతపూర్వకంగా పంపించండి. అదే ఫోన్‌లో సోనికేషన్ ద్రవంలోని కాలనీల అంకె అడగండి. మరో ముఖ్యమైన ప్రశ్న సర్జన్‌ను అడగాలి: ఆపరేషన్‌లో తీసిన కండను మైక్రోస్కోపు పరీక్షకు పేథాలజీకి, అంటే కణజాలాన్ని పరీక్షించే విభాగానికి, కూడా పంపారా? పంపి ఉంటే అందులో న్యూట్రోఫిల్ కణాలు, అంటే చీములో కనిపించే తెల్ల కణాలు, ఎన్ని ఉన్నాయో రిపోర్టు చెబుతుంది. బాక్టీరియా ల్యాబ్‌లో అంటుకున్నదైతే ఒంటి కండలో ఆ కణాలు గుమికూడి ఉండవు. మాత్రలు కల్చర్‌ను చెడగొట్టినంతగా ఈ పరీక్షను చెడగొట్టవు. ఇద్దరు వైద్యుల మధ్య వివాదాన్ని తేల్చగల కాగితం ఒకటుంటే అది ఇదే. కల్చర్ కోసం ముక్కలను మామూలు సీసాల్లోనూ, దీనికోసం ఫార్మలిన్‌లోనూ వేరుగా పంపుతారు కాబట్టి అది ఇప్పటికీ పేథాలజీ విభాగంలో ఉండే అవకాశం ఎక్కువ.

ఇవన్నీ చేతికి వచ్చాక మీ ముందున్న దారులు ప్రధానంగా రెండు. మొదటిది ఇన్ఫెక్షన్ ఉన్నట్టే భావించి వైద్యం చేయడం. కొత్త ఇంప్లాంట్ కూడా ఆ చోటనే అమర్చారు గనుక, మిగిలిన బాక్టీరియా దాని మీద పొర కట్టకముందే మందు పనిచేయాలన్నది దీని వెనక ఆలోచన. వ్యవధి విషయంలో నిపుణురాలి మాటకు ఆధారం ఉంది. ఫ్రాన్స్‌లో జరిగి 2021లో ప్రచురితమైన అధ్యయనంలో, కీలు ఇంప్లాంట్ ఇన్ఫెక్షన్‌కు శస్త్రచికిత్స తర్వాత ఆరు వారాలే మందు ఇచ్చినవారిలో 18.1 శాతం మందికి ఇన్ఫెక్షన్ మిగిలిపోగా, 12 వారాలు ఇచ్చినవారిలో అది 9.4 శాతమే. సూదిమందు విషయంలో మాత్రం మీరు ఆమెను మళ్లీ అడగవచ్చు. బ్రిటన్‌లో ఎముకలు, కీళ్ల ఇన్ఫెక్షన్లు ఉన్న 1,054 మంది మీద జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో, తొలి ఆరు వారాలు సరైన మాత్రలు తీసుకున్నవారు సూదిమందు తీసుకున్నవారికంటే వెనకబడలేదు. ఏడాదిలో వైద్యం విఫలమైంది మాత్రలవారిలో 13.2 శాతం, సూదిమందువారిలో 14.6 శాతం. బాక్టీరియా మాత్రలకు లొంగుతుంటే, కడుపు వాటిని భరిస్తే, ఆరు వారాల సెలైన్ గొట్టం తప్పవచ్చు. మీ రిపోర్టులో రిఫాంపిసిన్‌కు లొంగుతుందని ఉంది. బయోఫిల్మ్‌లోని స్టెఫైలోకాకస్ మీద బాగా పనిచేసే మందు అది. కానీ ఒంటరిగా ఇస్తే బాక్టీరియా త్వరగా మొండిబారుతుంది కనుక తప్పనిసరిగా మరో మందుతో కలిపి, గాయం పూర్తిగా ఆరాక ఇస్తారు. కాలేయాన్ని పరీక్షిస్తూ ఉండాలి, మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, రక్తం పలచబరిచే మందులతో సహా చాలా మందుల ప్రభావాన్ని తగ్గిస్తుంది. కాబట్టి నాన్నగారు వాడే ప్రతి మాత్ర పేరూ నిపుణురాలికి తెలియాలి. ఇన్ఫెక్షన్ నిజంగా లేకపోతే ఈ మూడు నెలల భారమంతా వృథాగా మోసినట్టవుతుంది. ఇదీ దీని వెల.

రెండోది మందు లేకుండా గమనిస్తూ ఉండడం. దీన్ని ఎంచుకుంటే ‘ఏమీ చేయకపోవడం’గా మార్చవద్దు. కొన్ని వారాలకోసారి సీఆర్‌పీ చూడాలి. ఆపరేషన్ తర్వాత అది సహజంగా పెరిగి, క్రమంగా దిగుతుంది. దిగడం ఆగినా, దిగి మళ్లీ పెరిగినా కీలు నుంచి నీరు తీసి పరీక్షించాలి. పొరపాటు జరిగితే దీని వెల మొదటిదానికంటే పెద్దది. కొత్త ఇంప్లాంట్ మీద పొర ముదిరితే మందులతో పోదు, బహుశా మళ్లీ ఆపరేషన్ చేసి తీయవలసి వస్తుంది.

పేథాలజీలో ఆ తెల్ల కణాలు గట్టిగా కనిపించినా, సోనికేషన్ అంకె 50 దాటినా నేను మొదటి దారినే సూచిస్తాను. రెండూ బలహీనంగా ఉంటే, సీఆర్‌పీ చక్కగా దిగుతూ ఉంటే, రెండో దారి అవివేకం కాదు. అయితే వైద్యులిద్దరూ వేర్వేరుగా మీతో మాట్లాడే ఈ పద్ధతి ఆగాలి. సర్జన్, ఇన్ఫెక్షన్ నిపుణురాలు, ల్యాబ్ మైక్రోబయాలజిస్టు ముగ్గురూ ఒకేసారి మాట్లాడుకునేలా అడగండి. ఇలాంటి కేసులను ఎక్కువగా చూసే ఆస్పత్రుల్లో అదే పద్ధతి. దీనికి పట్టేది కొద్ది రోజులే, వారాలు పట్టనివ్వకండి.

నాన్నగారి విషయం చివరికి వచ్చినా అది చిన్న విషయం కాదు. మందు వద్దనే హక్కు ఆయనది, మోకాలు ఆయనది. ఆయన వద్దంటున్నది మందునా, ఆస్పత్రికి మళ్లీ వెళ్లడాన్నా, ఆ పది రోజుల మాత్రలు మిగిల్చిన వికారాన్నా, లేక పిల్లలిద్దరూ తన మీదుగా వాదించుకోవడాన్నా అన్నది మీరు కూర్చుని అడగవలసిన ప్రశ్న. సూదులే భయమైతే మాత్రల దారి ఉంది. మందుల వికారమే భయమైతే మార్చగల మందులున్నాయి. అన్నీ విన్నాక కూడా వద్దంటే, గమనిస్తూ ఉండే దారికి ఆయన ఒప్పుకుంటారేమో చూడండి. ఈ సంభాషణలో మీ అన్నగారు కూడా ఉండాలి, అయితే మొదటి ఆపరేషన్ ఊసు ఆ పూట ఎత్తకూడదని ముందే ఒప్పందం చేసుకోండి.

ఏ దారి తీసుకున్నా ఒక జాగ్రత్త. ముందు ముందు మోకాలు నొప్పి పెడితే తెలిసినవారు రాశారని యాంటీబయాటిక్ మొదలుపెట్టవద్దు. సర్జన్‌కు చెప్పి, అవసరమైతే కీలు నుంచి నీరు తీయించి, ఆ తర్వాతే మందు వాడాలి. పరిస్థితి అనుమతిస్తే నమూనా తీయడానికి ముందు కనీసం రెండు వారాలు యాంటీబయాటిక్ లేకుండా ఉండాలని వైద్యులు కోరుకుంటారు. జ్వరం, చలి, మోకాలు ఎర్రబడి వేడెక్కడం, కుట్ల నుంచి నీరు కారడం వీటిలో ఏది కనిపించినా మాత్రం ఆ రెండు వారాల లెక్క పెట్టుకుని కూర్చోవద్దు. అదే రోజు ఆస్పత్రికి తీసుకువెళ్లండి, వెళ్లేటప్పుడు పన్నెండో రోజు రిపోర్టునూ, మాత్రల వివరాలు రాసిన కాగితాన్నీ వెంట పెట్టుకోండి.